బావికి కొసరు

లోతు 1,096 బారలు. మంట రెండు మూరలు.

ఈ రోజు గంజి పలచగా దిగింది. కర్రపెండలం తొట్లలో ఉత్తరపు వరస ఉప్పుగాలికి వాడిపోయింది. తవ్విన దుంపలు వేలి లావు కూడా లేవు. అయినా మొదటి గరిటె బావికే తీసిపెట్టాను. ప్రతి ఇంటి నుంచీ మొదటి గరిటె బావికి వెళ్ళాలన్నది మా మంచె మీద ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. అందరివీ కలిపితే రెండు డ్రమ్ములు నిండాలి. ఒకటింపావు వచ్చింది.

తవ్వుతున్న బావి గోడ కూలకుండా లోపల బురద నింపి ఉంచుతాం. గంజి కలవని బురదకు పట్టు ఉండదు. పట్టు లేని బురద బావి గోడలోకి ఇంకిపోతుంది. గోడ నానుతుంది, ఉబ్బుతుంది, ఊడి పడుతుంది. సముద్రం మధ్య నాలుగు ఇనుపకాళ్ళ మీద నిలబడిన ఈ మంచె మీద పుట్టిన పిల్లలకు ఈ సంగతి ఉగ్గుపాలతోనే పడుతుంది.

మంచె మీద కొలత నాది. నీళ్ళు, దుంపలు, గంజి, తుప్పు, ఏదైనా నా కుంచం దాటే వెళ్ళాలి. మా ఆయన పోయాక మా బావగారు మసేను ఈ పని నాకు అప్పగించారు. మంచెకు పెద్ద, సరంగు, ఆయనే. ఇంటి లెక్క తప్పకుండా రాసే చేతికి నలభై ఇళ్ళ లెక్క బరువు కాదన్నారు. ఆ లెక్కతో పాటు ఈ రోజువారీ కూడా నేనే రాస్తున్నాను.

సాయంత్రం నీళ్ళు పోశాను. మనిషికి సోలెడు. మా అత్త నూకాలు గ్లాసు ముందుకు చాపి కదలకుండా నిలబడింది.

"కొసరెయ్యే," అంది.

"కొలిచి పోశాను కదత్తా."

"కొలిసింది దాహానికి. కొసరు మర్యాదకి. మీ అమ్మ ఇయ్యేటీ నేర్పనేదా?"

రోజూ ఇదే మాట. రోజూ నా సోలలోంచి నాలుగు చుక్కలు ఆమె గ్లాసులో ఒంపుతాను. ఆమెకు కావలసింది ఆ నాలుగు చుక్కలు కాదు, ఎవరో తన కోసం కొలత దాటారన్న తృప్తి.

పాత బావి గ్యాసుతో మరుగుగదిలో మంట వెలుగుతుంది. ఆ మంటే సముద్రపు నీటిని కాచి మంచినీళ్ళు చేస్తుంది. నేను కాపురానికి వచ్చినప్పుడు అది మనిషెత్తు లేచేది. ఇప్పుడు రెండు మూరలు. జానెడుకు దిగితే నీళ్ళు మరగవు. అందుకే పక్కనే కొత్త బావి తవ్వుతున్నాం. తవ్విస్తున్నది మా అమ్మాయి ముత్యం.

లోతు 1,131 బారలు. మంట మూరన్నర.

బురదతో పాటు పైకి వచ్చిన రాతిపెచ్చులను జల్లెడ దగ్గర చేటల్లో పోసుకుని ఏరాం. గొట్టం చివర తిరిగే బరమా కొరికిన రాయి నలిగి వస్తుంది. గోడ నుంచి ఊడిన పెచ్చు నలగకుండా వస్తుంది. ఆ రెంటినీ వేరు చేయడం వరకే నా పని. పెచ్చు ఏం చెబుతోందో తేల్చేది ముత్యం.

"ఇవి చూడమ్మా, కోసుగా ఉన్నాయి. ఒత్తిడికి గోడ చిట్లుతోంది. బురద బరువు పెంచాలి."

"మొన్నటివి బల్లపరుపుగా ఉన్నాయి కదా?"

"అవి రాయిలో ముందే ఉన్న పొరల దగ్గర ఊడినవి. వాటికి బరువు పెంచితే బురద పొరల్లో దూరి ఇంకా ఊడదీస్తుంది. అందుకే మొన్న పెంచలేదు."

అత్త నవ్వింది. "పప్పులో రాళ్ళేరే ఆడోళ్ళని సూసేను. రాళ్ళలో రాళ్ళేరేది మీ తల్లీకూతుళ్ళనే సూత్తన్నాను."

"నువ్వూ ఏరు మామ్మా, మూడు తరాలవుతాం."

"నాకు కళ్ళాన్తే కదే! నా సేతికి తుప్పియ్యండి, గీకిపెడతాను."

బరువు కోసం బురదలో కలిపేది తుప్పే. పూర్వం దీనికి ఓడల్లో ఏదో తెల్లని బరువురాయి పొడి వచ్చేదట. ఓడలు ఆగిపోయాక మంచె కాళ్ళకు పట్టిన తుప్పును గీకి, రోట్లో దంచి, పాత చీర గుడ్డలో జల్లించి వాడుతున్నాం. ఆడవాళ్ళందరి అరచేతులూ ఎర్రగా ఉంటాయి. మా ఊళ్ళో గోరింటాకు ఎవరికీ అవసరం లేదని అత్త అంటుంది.

ఈ రోజు చెంబెడు బురద నూటపన్నెండు తులాలు తూగింది. ముత్యం నూటపదమూడు చేయించింది. బావి దగ్గర అందరికీ తెలిసిన గీతలు రెండు. కింది గీతకన్నా బురద తేలికైతే గోడలు లోపలికి కూలతాయి. పై గీతకన్నా బరువైతే గోడలు పగిలి బురదంతా నేల తాగేస్తుంది. ఆ రెంటి మధ్య ఉన్న సందులోనే తవ్వాలి. పాత బావి నాడు ఆ సందు ఎనిమిది తులాల వెడల్పు ఉండేది.

లోతు 1,148 బారలు. మంట మూరకు తక్కువ.

మరుగుగది పక్కన కూర్చున్నాం. బావగారు, ముత్యం, నేను. అత్త గుమ్మంలో తుప్పు జల్లిస్తోంది. ముత్యం నేల మీద సుద్దతో రెండు గీతలు గీసింది. గీతలు కిందికి పోయేకొద్దీ దగ్గరయ్యాయి.

"పైనున్న పలకరాయి నిలబడాలంటే చెంబు నూటపద్నాలుగు తూగాలి పెదనాన్నా. తగ్గితే ఊడిపడుద్ది. కింద తగలబోయేది మన పాత ఇసుకరాయి. అది నూటపదిహేను దాటితే పగులుద్ది. ఒకటే తులం సందు."

"అదేటమ్మా? పాత బావి తవ్వినప్పుడు నూటిరవై మోసిందది. పంపు కాడ నేనే ఉన్నాను."

"అప్పుడు దాన్నిండా గ్యాసుంది. మనం బయటి నుంచి తోస్తే అది లోపల్నించి తోసేది. ఇప్పుడు ఖాళీ అయిపోయింది. నిండు బస్తా నిలబడినట్టు ఖాళీ బస్తా నిలబడుద్దా?"

బావగారు సుద్దగీతల మీదికి వంగారు. "అంత గ్యాసూ ఏటయిపోయింది?" అన్నారు, తనలో తాను అనుకున్నట్టు.

"ఏటవుద్దిరా, వండుకుని తినేసేం," అంది గుమ్మంలోంచి అత్త.

నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి పెట్టిన ప్రతి ఎసరూ ఆ రెండు గీతల్నీ ఇంతింత దగ్గరకు జరిపింది.

"ఆ రాయిని తప్పించుకుని పోలేమా?" అని అడిగాను.

"గ్యాసున్న రాయి దాని కిందే ఉందమ్మా, పన్నెండు బారల దిగువన. దీన్ని దాటకుండా దాన్ని అందుకోలేం. గోడకి ఇనుప తొడుగు దింపితే పలకరాయి గొడవ తీరిపోను. తొడుగు గొట్టాలు తొమ్మిదివందల బారల దగ్గరే అయిపోయాయి."

ఆగిపోతే ఏమవుతుందో ఎవరూ అడగలేదు. మాలాగే దూరాన నిలబడిన ఐదో మంచె దీపం కనబడడం మానేసి చాలా కాలమైంది. ఒడ్డు వెతకడానికి వెళ్ళిన పడవలు తిరిగొచ్చాయి, ఖాళీ పీపాలతో. 

"తవ్వుదాం," అన్నారు బావగారు. "కొలతలో గింజంత తేడా రాకూడదని ఇంటింటికీ నేనే సెప్తాను."

సాయంత్రం ఆయన ఇంటింటికీ వెళ్ళి చెప్పారు. మా ఇంటి గుమ్మంలో తల్లికి కూడా వేరేగా చెప్పారు. నేను విన్నాను. ఆ మాటలో అనుమానించవలసింది ఏదీ నాకు కనబడలేదు.

లోతు 1,160 బారలు. మంట మూరకు తక్కువే, ఇంకా దిగింది.

మంచెంతా తుప్పు గీకుతున్న చప్పుడు. మూడో కాలు మీద ఇక గీకవద్దని బావగారు తాడు కట్టించారు. అక్కడ ఇనుము రేకులా మిగిలిందట.

"కాలు గీకి కడుపు నింపుకుంటన్నాం. రేపు నడిసేదెలాగో," అంది అత్త.

"మనం ఎక్కడికి నడవాలత్తా?"

"అదీ నిజమే."

అత్త ఈమధ్య కొలతకు ఇవ్వవలసింది ఇచ్చేశాక కూడా గీకుతోంది. మిగతా ఇళ్ళలోనూ అంతే. భయానికి చేతులు ఊరుకోవడం లేదనుకున్నాను. ముత్యం రాత్రిళ్ళు సరిగా నిద్రపోవడం లేదు. గంజి ముందు పెడితే సగం తాగి గిన్నె నాన్నమ్మ వైపు జరుపుతోంది. ఆమె చూడనట్టు తాగేస్తోంది. ముసలామె కదా అని నేనూ చూడనట్టే ఉన్నాను.

లోతు 1,163 బారలు. మంట ముప్పాతిక మూర.

ఈ ఉదయం బరమా పాత ఇసుకరాయిని తాకింది. బురద తూకం తగ్గి గోడ పెచ్చులు రాలడం మొదలైంది. కొత్త బురద కలిపాం. కుంచానికి కుంచం నేనే పోశాను, పైన బద్దతో గీసి సమం చేసి. చెంబు త్రాసులో పెట్టాం. నూటపద్నాలుగున్నర. గీతల మధ్య సరిగ్గా నడిమికి. ముత్యం ముఖం చాలా రోజుల తర్వాత తేటపడింది.

"అమ్మా, ఇంతకన్నా బాగా ఎవరూ కొలవలేరు," అంది. పంపు దగ్గరకు వెళ్ళింది.

బురద తొట్టి అంచుకు పసుపు రాశారు. ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. చివరి గంజి డ్రమ్ము ఇంకా వంటశాలలోనే ఉంటే దించడానికి వెళ్ళాను. పొయ్యి మీద నుంచి దించి, మూత వేసి, ఇద్దరి సాయంతో మోసుకుని వచ్చేసరికి ఎంతసేపు పట్టింది? పాట ముగిసేటంత.

తొట్టి పక్కన ఖాళీ తట్టలు బోర్లించి ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి, నా భుజాల ఎత్తున. ఆడవాళ్ళందరి చేతులూ మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. ముఖాలు వెలుగుతున్నాయి. పెళ్ళిపందిరి కింద నిలబడ్డట్టు నిలబడ్డారు.

"ఏంటివి?" అన్నాను.

"కొసరే," అంది అత్త. "ఇంటికో తట్ట. ఇంతకుముందు పిడికెడేగా ఏసేవోళ్ళం! ఇప్పుడు పెద్ద ఆపద కదా, తట్టేసేం. నువ్వు అందలేదని నీ పేరున కూడా నేనే ఏసేనే వరాలూ."

బావికి ఏది పోసినా, కొలిచాక ఇంటింటి పేరునా ఒక పిడికెడు కొసరు వేయడం మా అత్తల నాటి నుంచీ ఉంది. నేనూ వేసినదాన్నే. సందు ఎనిమిది తులాలున్న రోజుల్లో ఆ పిడికిళ్ళు బావికి తగలనే లేదు. కొలతలో తేడా వద్దని బావగారు చెబితే, వాళ్ళు కొలతను ముట్టుకోలేదు. కొలత నిఖార్సుగా ఉంది. కొసరు లెక్కలోకి ఎవరు తీసుకుంటారు? లెక్కలోకి తీసుకోనిదాన్నే కదా కొసరంటాం.

చెంబు ముంచి త్రాసులో పెట్టాను. నూటపదహారు.

అరిచాను. పంపు అప్పటికే నడుస్తోంది. ముత్యం ఆపింది. కానీ గొట్టంలోకి దిగిన బరువును ఆపడానికి మా దగ్గర ఏమీ లేదు. బరువైనది తనంతట తానే దిగుతుంది.

"సముద్రపు నీళ్ళు పోయండి తొట్లో, పల్చన చెయ్యండి," అని అరుస్తూనే ఉంది ముత్యం. పోశాం, చేటలతో, గిన్నెలతో, చేతికి దొరికిన వాటితో. ఆడవాళ్ళకు ఏం జరిగిందో తెలియదు. పొయ్యమన్నారు కనుక పోశారు. ఒకామె పాట మళ్ళీ ఎత్తుకోబోయింది.

బావిలోంచి తిరిగొచ్చి జల్లెడ మీద పారుతున్న బురద సన్నబడింది. తీగలా అయింది. చుక్కలైంది. తర్వాత జల్లెడ ఎండిపోయింది. కింద ఎక్కడో రాయి పగిలి మా తుప్పునూ గంజినీ తాగేస్తోంది. ముత్యం జల్లెడ మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది, జ్వరం చూస్తున్నట్టు.

లోతు 1,163 బారలు. మంట ముప్పాతిక మూరకు లోపు.

పోసినదల్లా పోతోంది. బావిలో మట్టం పడిపోయేకొద్దీ పైనున్న పలకరాయికి ఆసరా తప్పింది. మధ్యాహ్నం గొట్టం చుట్టూ పెళ్ళలు దిగుతున్న చప్పుడు కాళ్ళ కింద తెలిసింది, గోనెలో కొబ్బరికాయలు దొర్లినట్టు. గొట్టం తిరగడం మానేసింది. పైకి లాగితే రాలేదు. కిందికి దించితే దిగలేదు.

ఉన్న గంజంతా పోసి చూశాం. పగులులో ఇరుక్కుని మూస్తాయని పీచు, గవ్వల పొడి, చిరిగిన వలలు తరిగి వేశాం. అరగంట నిలిచింది. మళ్ళీ పోయింది.

లోతు 1,163 బారలు. మంట అర మూరకు కాస్త పైన.

లాగుతూనే ఉన్నారు. వంతులవారీగా మంచె మీద మగవాళ్ళందరూ. కప్పీ తాడు కిర్రుమన్నప్పుడల్లా మూడో కాలు వణుకుతోంది. ఇంకా లాగితే గొట్టం కన్నా ముందు మంచె వస్తుందని బావగారు ఆపించారు.

రాత్రి భోజనాల దగ్గర అత్త ముత్యాన్ని అడిగింది. ఎవరు చెప్పారో, తనకే తట్టిందో తెలియదు.

"కొసరు మూలానేటే?"

ముత్యం తల ఎత్తలేదు. "కాదు మామ్మా. ఆ రాయి అలాటిది. ఎలా పోసినా పగిలేది."

"నిజం సెప్పు."

"నిజమే చెప్తున్నాను. పన్నెండు బారలు ఒక్క తులం సందులో ఎవరు నడవగలరు?"

అత్త నా వైపు చూసింది. లెక్కలు నావి కనుక. నేను గిన్నెలు తీస్తూ లేచాను. ముత్యం చెప్పింది అబద్ధం అని నా లెక్క అనదు. నిజమని కూడా అనదు. సందు దాటగలిగేవాళ్ళమో లేదో తేలే చోటికి మేం చేరనే లేదు. బావగారు కూడా నన్ను అదే అడిగారు. ఆయనకూ ఇదే చెప్పాను. "అయితే ఎవరికీ సెప్పకమ్మా, ఆడోళ్ళకి మరీ," అన్నారు. చెప్పనవసరం లేకపోయింది. ఎవరి తట్ట ఏదో పోల్చుకుని ఎవరికి వాళ్ళు ఇంటికి తీసుకుపోతున్నప్పుడు వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

లోతు రాయడానికి లేదు. మంట జానెడు.

గొట్టాన్ని ఆరువందల బారల దగ్గర తెంపేశారు. అడుగున మిగిలింది రాయిదే. ఇంకో బావికి గొట్టాలు చాలవు, బరమా అంతకన్నా లేదు. ముత్యం నేల మీది సుద్దగీతల్ని తడిగుడ్డతో తుడవబోయింది. తడి గుడ్డకు నీళ్ళు ఎందుకని పొడిగుడ్డతో తుడిచింది. గీతలు పూర్తిగా పోలేదు.

పడవలు సిద్ధం చేయమన్నారు బావగారు. ఎటు వెళ్ళాలో అడిగినవాళ్ళకు దక్షిణం అని చెబుతున్నారు. దక్షిణాన ఏముందని నేను అడగలేదు. ఆయన కూడా నేను అడగనందుకు సంతోషించినట్టే ఉన్నారు. పడవకు నాలుగు పీపాలు పడతాయి. నింపడానికి ఒక పీపాకు సరిపడా నీళ్ళు కూడా లేవు. పిల్లలున్న ఇళ్ళను ముందు పంపాలని అనుకున్నాం. మా ఇంట్లో పిల్లలు లేరు.

మంట జానెడుకు నాలుగు వేళ్ళు తక్కువ.

మరుగుగదిలో నీరు వేడెక్కుతోంది, మరగడం లేదు. మూతకు పట్టిన చెమ్మను గుడ్డతో అద్ది పిండుతున్నాం. మనిషికి గిద్దెడు, సోలలో నాలుగో వంతు.

పొద్దున్న గంజి దించి మొదటి గరిటె తీసి పక్కన పెట్టాను. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. గుమ్మం దాకా వెళ్ళాక గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి గిన్నెలో పోసేశాను. ముత్యం చూసింది.

"గంజి ఒక గరిటె పెరిగింది కదమ్మా," అంది.

"ఆఁ," అన్నాను.

సాయంత్రం నీళ్ళు పోశాను. మొదట ముత్యానికి, తర్వాత అత్తకు, నాకు. అత్త గ్లాసు పట్టుకుని కూర్చుంది. కొసరెయ్యే అంటుందని నేను నా గ్లాసు వంచి పట్టుకుని ఆగాను. అనలేదు. గిద్దెడు నీళ్ళ వైపు చూస్తోంది.

నేనే నా గ్లాసులోంచి నాలుగు చుక్కలు ఒంపబోయాను.

ఆమె అరచెయ్యి గ్లాసు మీద మూత పెట్టింది. వేళ్ళ మడతల్లో తుప్పు ఇంకా ఎర్రగానే ఉంది.

"కొలత సాల్లేవే," అంది.